బాగే ఆమ్‌కు ఖాస్ పహరా

బాగ్ అంటే తోట. ఆమ్ అంటే సామాన్యుడు, సర్వజనం. బాగే ఆమ్ అంటే అందరి తోట. ఆమ్‌కు ఎదురు మాట ఖాస్. పాత కోటల్లో దివానే ఆమ్, దివానే ఖాస్ అని రెండు కొలువులుండేవి. జనం వచ్చి మొర పెట్టుకునేది మొదటిదాంట్లో. ఏలినవారు దగ్గరోళ్లతో మంతనాలు చేసేది రెండోదాంట్లో. హైదరాబాద్ నడిబొడ్డున, నాంపల్లి రైల్వే స్టేషన్ పక్కన ఉన్న తోటకు నిజాం కాలంలో ఆ మొదటి పేరు పడ్డది. 1846లో వేసిన తోట అని చెప్తరు. ఊరూరా గడీలు నిలబెట్టిన రాజ్యం అది. జాగీర్దార్లకు, దేశ్‌ముఖ్‌లకు కాపలా కాసిన రాజ్యం. అసుంటి రాజ్యం కూడా తన రాజధానిలో ఒక తోటకు ఆమ్ అని పేరు పెట్టింది. ఆ పేరు పోయి పబ్లిక్ గార్డెన్స్ అయింది. ఇంగ్లిష్ పేరులో పబ్లిక్ ఉన్నది గని తోటలో పబ్లిక్‌కు చోటు తగ్గుకుంట వస్తున్నది. రాజు ఆమ్ అన్న తోటను మన ఓట్లతో గెలిచినోళ్లు ఖాస్ చేసిండ్రు. ఆంధ్రోళ్లు చేసిండ్రు, మనోళ్లూ చేసిండ్రు. ఈ వ్యాసంలో ఇద్దరినీ బాజాప్తా అడుగుతం.

ఉద్యోగాలు లేక పిల్లలు రోడ్ల మీద ఉంటే మీరు తోట గురించి రాస్తరా అని మాలోనే కొందరు అన్నరు. రాస్తం. ఉద్యోగం అడిగేటోడు నిలబడి అడగడానికి కూడా ఒక జాగ కావాలె. ఆ జాగ పోయినంక ఉద్యోగం అడగడం కూడా నేరమైంది. అందుకే రాస్తున్నం.

2013 జూన్ 14. జేఏసీ పిలుపు ఇచ్చిన చలో అసెంబ్లీ. రెండు రోజుల ముందు నుంచే ఊర్లలో అరెస్టులు మొదలైనయి. జనగామలో కొందరిని ఇంటి కాడనే పట్టుకున్నరు. మానుకోటలో కొందరిని బండి ఎక్కకముందే ఆపిండ్రు. భూపాలపల్లికి రైలు లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అక్కడి నుంచి బస్సులో హన్మకొండ దాకా వచ్చినోళ్లను హన్మకొండలోనే దించిండ్రు. ఎట్లనో తప్పించుకుని పట్నం చేరిన నలుగురైదుగురం ఒక సోపతిగాని రూంలో తల దాచుకుని, తెల్లారి సందులు పట్టుకుని లక్డీకాపూల్ దాకా నడిచొచ్చినం. అక్కడ ముళ్లకంచె. కంచె అవతల తోటలోని చెట్ల కొమ్మలు కనిపిస్తున్నయి. తోట మాత్రం కనిపిస్తలేదు. యాడికి పోతున్నరని ఒక పోలీసాయన అడిగిండు. పార్కుకు పోతున్నమన్నం. నవ్విండు. మమ్మల్ని వ్యాన్ ఎక్కిస్తూ కూడా నవ్వుతనే ఉన్నడు. ఆయనా మనోడే, మాటలోనే తెలిసిపోయింది. సాయంత్రం దాకా ఒక ఫంక్షన్ హాల్లో కూసోబెట్టిండ్రు. ఆ హాల్లో గోడకు ఒరిగి కూసున్నప్పుడు మేం అందరం ఒకటే అనుకున్నం. ఇది వలస పాలకులు వేసిన కంచె, రాష్ట్రం వస్తే పోతది అని.

రాష్ట్రం వచ్చింది. కంచె పోలేదు.

ఆ తోట మీద మాకున్న హక్కు ఉత్త మాట కాదు. తోటలో ఏమేమి కట్టిండ్రో, ఎవలి పైసలతో కట్టిండ్రో చూస్తే అర్థమైతది. తెల్లటి గుమ్మటాల భవనం ఒకటి ఉన్నది. ఇయ్యాల దాన్ని పాత అసెంబ్లీ అంటున్నం. అది అసెంబ్లీగా పుట్టలేదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 40వ పుట్టినరోజు గుర్తుగా జనం చందాలు వేసుకుని కట్టుకున్న టౌన్‌హాల్ అది. 1905లో పునాది వేసిండ్రు, 1913లో పూర్తయింది. మహబూబ్ పేరు మా మానుకోట సర్కారు కాగితాల మీద నేటికీ మోస్తనే ఉన్నది. చందాలతో కట్టిన హాలంటే చందా ఇచ్చినోళ్లు కూసుండి మాట్లాడుకునే హాలని అర్థం. ఆ హాలు గేటు దాటాలంటే ఇప్పుడు పాసు కావాలె. పాసు కావాలంటే ఎమ్మెల్యే ఉత్తరం కావాలె. ఉత్తరం కావాలంటే ఎమ్మెల్యే దొరకాలె. ఇగ తక్కిన సంగతి చెప్పనవసరం లేదు.

జూబ్లీ హాల్ ఉన్నది. 1937లో ఏడో నిజాం వెండి పండుగ జరిగిన చోటు అది. నిజాం ఖజానాకు పెద్ద రాబడి భూమిశిస్తు. భూమిశిస్తు అంటే వరంగల్ సుబా రైతు, మెదక్ సుబా రైతు, ఔరంగాబాద్, గుల్బర్గా రైతులు. పట్నంలో వెండి పండుగ జరుగుతున్న ఏండ్లలోనే విసునూరు దేశ్‌ముఖ్ కింద పాలకుర్తి, కడవెండి పల్లెల్లో వెట్టి నడుస్తున్నది. నాగు తెచ్చుకుని విత్తనం వేసి, పంట చేతికి రాకముందే కల్లంలో దొరకు కొలిచి ఇచ్చిన రైతుల చెమట ఆ హాలు గోడల్లో ఉన్నది. వెండి పండుగ అయిన తొమ్మిదేండ్లకు, 1946 జులై 4న, కడవెండిలో దొర మనుషుల తుపాకికి దొడ్డి కొమురయ్య నేలకొరిగిండు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన నాలుగు ఎకరాల పంట గింజ కూడా దొర గడీకి పోనియ్యలేదు. ఆ ఇద్దరి ఊర్లూ ఇయ్యాల జనగామ జిల్లాలో ఉన్నయి. వాళ్ల పేర్లు ప్రతి సభలో వినపడుతయి. వాళ్ల పైసలతో కట్టిన తోటలోకి వాళ్ల మనుమలు పోవాలంటే మాత్రం పోలీసాయన నవ్వుతడు.

మ్యూజియం సంగతి ఇంకో తీరు. 1930లో హైదరాబాద్ మ్యూజియంగా మొదలైంది. 1960లో ఆంధ్రప్రదేశ్ స్టేట్ మ్యూజియం అయింది. 2010లో దానికి వైఎస్ రాజశేఖరరెడ్డి పేరు తగిలించిండ్రు. 2009 ఎన్నికల్లో తెలంగాణలో పోలింగ్ ముగియంగనే నంద్యాలకు పోయి, హైదరాబాద్‌కు రావాలంటే వీసా తీసుకోవాల్సి వస్తదని అక్కడోళ్లను భయపెట్టిన ముఖ్యమంత్రి ఆయన. వీసా మాట అన్న మనిషికి తెలంగాణ నడిబొడ్డున తెలంగాణ తవ్వకాల్లో దొరికిన రాళ్లున్న ఇంటిని కానుక చేసిండ్రు. ఆ మ్యూజియంలో ఈజిప్టు రాజకుమార్తె మమ్మీ ఉన్నది. రెండు వేల ఏండ్లు దాటిన దేహం చెడిపోకుండా ఆక్సిజన్ లేని అద్దాల పెట్టెలో జాగ్రత్త చేసిండ్రు. మంచి పనే, కాదనం. మా పిల్లలు దాన్ని చూడటానికే పోతరు. మరి ఐలమ్మ పోరాటం చూపే ఒక గది కావాలంటే, మా పల్లెల వడిసెల, రోకలి, కారంపొడి కథ చెప్పే గోడ కావాలంటే ఎవలిని అడగాలె?

ఇప్పుడు అసెంబ్లీ దగ్గరికి వద్దాం. 1952 ఎన్నికల తర్వాత హైదరాబాద్ రాష్ట్ర శాసనసభ ఈ తోటలోని టౌన్‌హాల్‌లోనే కూసున్నది. 1955 నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్ నివేదిక మీద చర్చ జరిగింది ఇక్కడనే. తెలంగాణను విడిగా ఉంచాలన్న నివేదిక అది. 103 మంది విశాలాంధ్రకు సరేనన్నరు, 29 మంది వద్దన్నరు. ఆ 103లో మరాఠ్వాడా, కన్నడ జిల్లాలోళ్లూ ఉన్నరు. రేపో మాపో తమ రాష్ట్రాలకు తాము పోయేటోళ్లు వాళ్లు. పోతా పోతా మా ఇంటి తలుపు తాళం ఎవలికియ్యాలో చెప్పిపోయిండ్రు. అభిప్రాయాలు చెప్పుకున్నరు, ఓటు పెట్టలేదు. ఆ తర్వాత 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం, నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్. ఆ ఒప్పందం ఎట్ల అమలైందో మా ఉద్యోగ మిత్రులకు మేం చెప్పాల్సిన పని లేదు. స్థానికేతరులను వెనకకు పంపాలని 1985 డిసెంబర్ 30న 610 జీవో ఇచ్చుకోవాల్సి వచ్చిందంటేనే అర్థమైతది.

అదే తోటలో 2014 జనవరి 30న, ఈసారి కొత్త అసెంబ్లీ హాల్లో, తెలంగాణ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించిండ్రు. కలిపేటప్పుడు తోటలో ఓటు పెట్టలేదు. విడగొట్టేటప్పుడు అరిచినోళ్ల గొంతును ఓటుగా లెక్కించిండ్రు. అరుపులు గోడలకే ఉండిపోయినయి, జూన్ 2న రాష్ట్రం వచ్చింది. గోడల లోపల కూసున్నోళ్లు కాదు తెచ్చింది. గోడల బయట ఆగిపోయినోళ్లు తెచ్చిండ్రు.

బయట ఆగిపోయినోళ్ల గుర్తు రోడ్డు అవతలనే ఉన్నది. గన్‌పార్క్. పెద్ద తోట ముంగట చిన్న తోట. 1969 ఉద్యమంలో 369 మంది అమరులయ్యిండ్రని ఉద్యమం లెక్క. వాళ్ల గుర్తుగా ఒక స్తూపం కట్టుకుంటమంటే ప్రభుత్వం ససేమిరా అన్నది. 1970 ఫిబ్రవరి 23న నగర మేయర్ లక్ష్మీనారాయణ పోలీసు నిర్బంధం నడుమ పునాదిరాయి వేసిండు. శిల్పి ఎక్కా యాదగిరిరావు చెక్కిండు. పీఠం మీద తూటా గాయాల లెక్క గుంతలుంటయి, ఒక్కో దిక్కు తొమ్మిది. అప్పటి తెలంగాణ తొమ్మిది జిల్లాలకు గుర్తు. అందులో ఒక గుంత వరంగల్‌ది. అంటే జనగామ, మానుకోట, భూపాలపల్లి ముగ్గురిదీ ఒక్కటే గాయం.

ఆ గాయం చేసిన పాలన ఎవలిది? 1969లో ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. ఆయన సర్కారు హయాంలోనే కాల్పులు జరిగినయి. మరి ఇదే నగరంలో జూబ్లీహిల్స్‌లో నిజాం కొడుకు ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవిని 1998లో జాతీయ ఉద్యానం చేసి దానికి పెట్టిన పేరు ఏంది? కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు. చచ్చిపోయిన పిల్లలకు రోడ్డు మూలన ఒక రాయి. చంపిన పాలనకు వందల ఎకరాల పచ్చదనం. ఇది చంద్రబాబు కాలపు పేరు, సరే. 2014 తర్వాత పదేండ్లు ఉద్యమ పార్టీయే ఏలింది. ఊర్ల పేర్లు మార్చిండ్రు, జిల్లాల పేర్లు పెట్టిండ్రు, మా భూపాలపల్లికి జయశంకర్ సార్ పేరు పెట్టిండ్రు, మంచిదే. ఆ పార్కు బోర్డు జోలికి మాత్రం పోలేదు. ఆ దిక్కు ఉండేటోళ్లు పొద్దుగాల్నే వాకింగ్ చేసే పార్కు అది, వాళ్లకు తకలీఫ్ కావొద్దు అనుకున్నరేమో. మాకు సంజీవయ్య పార్కు మీద కోపం లేదు. ఒక దళితుడు ముఖ్యమంత్రి అయిండు, ఆయన పేరు ఉండాలె. ఎవలు ఆంధ్రనో ఎవలు తెలంగాణనో చూసి పేర్లు పీకుమని మేం అంటలేం. తూటా లెక్క అడుగుతున్నం.

ఇగ మనోళ్ల లెక్క.

రాష్ట్రం తెచ్చింది ధర్నాలు. 2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె చేసి, సింగరేణి బొగ్గు ఆపి, బస్సులు ఆపి, బడులు మూసి తెచ్చుకున్నం. ఆ రాష్ట్రంలో మొదటి ప్రభుత్వం 2017లో చేసిన పని ఇందిరా పార్కు కాడి ధర్నాచౌక్‌ను మూసేయడం. మళ్లీ ఒక తోట ముంగటనే చూడండి. చుట్టుపక్కల ఇండ్లోళ్లకు ఇబ్బంది అన్నరు. 2018 నవంబర్‌లో హైకోర్టు చెప్తే గాని మళ్లీ అక్కడ టెంటు లేవలేదు. ఉద్యమ కాలంలో అదే చౌక్‌లో టెంటు కింద కూసున్నోళ్లు ఆ ఇబ్బంది గురించి అప్పుడు ఎందుకు అడగలేదో మాకు తెలియదు.

అసెంబ్లీ సమావేశాలంటే చుట్టూ నాలుగు కిలోమీటర్ల దాకా నలుగురు గుమిగూడొద్దని పోలీసు ఉత్తర్వు వస్తది. ఆంధ్రప్రదేశ్‌లో ఎట్ల వచ్చిందో తెలంగాణలోనూ అట్లనే వచ్చింది. నాలుగు కిలోమీటర్ల గీత గీసి చూడండి. బాగే ఆమ్ అందులోనే. గన్‌పార్క్ అందులోనే. నాంపల్లి స్టేషన్, ఇందిరా పార్కు, కోఠి, సెక్రటేరియట్ అన్నీ అందులోనే. ఏ రోజు మన ఎమ్మెల్యేలు రాజధానిలో ఉంటరో ఆ రోజే మనం వాళ్ల దగ్గరికి పోవద్దు. వాళ్లు లేని రోజు పోవచ్చు.

2021 డిసెంబర్‌లో 317 జీవో వచ్చింది. కొత్త జిల్లాల విభజన పేరు చెప్పి సీనియారిటీ లెక్కలతో వేల మంది ఉద్యోగులను, టీచర్లను సొంత జిల్లా నుంచి పరాయి జిల్లాకు పంపిండ్రు. స్థానికేతరులను పంపమన్నది 610. స్థానికులనే స్థానికేతరులను చేసింది 317. సకల జనుల సమ్మెలో జీతాలు పోగొట్టుకున్న ఉద్యోగులే ఈ జీవో కాగితం పట్టుకుని ఏడ్చిండ్రు. ఆ కాగితం తీసుకుని రాజధానికి వస్తే ఎక్కడ నిలబడాలె? 2022లో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. మళ్లీ రాస్తే ఆ సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. మా జిల్లాల పిల్లలు అశోక్‌నగర్ గదుల్లో ఐదారుగురు ఒక్కదాంట్లో ఉండి, ఇంటికాడ అమ్మానాయినలు పత్తి అమ్మి పంపిన పైసలతో చదివిన పరీక్షలు అవి. 2024 అక్టోబర్‌లో గ్రూప్-1 అభ్యర్థులు అదే అశోక్‌నగర్‌లో రోడ్డెక్కితే కొత్త ప్రభుత్వం లాఠీలతో మాట్లాడింది. జెండా మారింది, లాఠీ మారలేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలె. 2023 డిసెంబర్ 7న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేస్తున్న పూటనే ప్రగతి భవన్ ముంగట ఇనుప కంచెలు గ్యాస్ కట్టర్లతో కోసేసిండ్రు. జ్యోతిరావు ఫూలే పేరు పెట్టి ప్రజా భవన్ అన్నరు. మేమూ సంబురపడ్డం. ఒక ఇంటి ముంగట కంచె పోయింది, ఇగ తోట కంచె కూడా పోతదనుకున్నం. కాని 2025 వసంతంలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి జేసీబీలు పోయినయి. యూనివర్సిటీ పిల్లలు అడ్డం నిలబడితే పోలీసులు ఈడ్చుకుపోయిండ్రు. సుప్రీంకోర్టు ఏప్రిల్ మొదటి వారంలో ఆపితే గాని ఆ చెట్లు నరకడం ఆగలేదు. కంచె కోసే కట్టర్ ఉన్నోళ్ల దగ్గరనే చెట్టు కూల్చే జేసీబీ కూడా ఉంటదని అప్పుడు తెలిసింది.

ఈ నగరంలో తోటలు ఎట్ల పోతయో పేర్లే చెప్తయి. బషీర్‌బాగ్, జాంబాగ్, సీతారాంబాగ్, బాగ్‌లింగంపల్లి, బాగ్‌అంబర్‌పేట. పేరులో బాగ్ ఉన్నది, తోట ఎక్కడున్నది? బాగే ఆమ్ ఒక్కటి మిగిలింది. అందులోనూ ఆఫీసులు, హాళ్లు, పార్కింగులు. జంతువుల బోన్లు ఒకప్పుడు ఇక్కడ ఉండేవి, 1963లో నెహ్రూ జూ తెరిచినంక అవి బహదూర్‌పురా దిక్కు పోయినయి. జంతువులు పోయిన జాగ మనుషులకు దక్కుతదనుకుంటే ఫైళ్లకు దక్కింది.

మరి ప్రభుత్వాలు తోటను మరిచిపోయినయా? లేదు. జెండా ఎగరేసేటప్పుడు గుర్తుంటది. 2022 జూన్ 2న రాష్ట్ర అవతరణ వేడుక పబ్లిక్ గార్డెన్స్‌లోనే. ఆ ఏడు సెప్టెంబర్ 17న సమైక్యతా దినం అని అక్కడనే. 2024 సెప్టెంబర్ 17న ప్రజాపాలన దినోత్సవం అని మళ్లీ అక్కడనే. ఒకాయన సమైక్యత అంటడు, ఇంకొకాయన ప్రజాపాలన అంటడు, వేదిక మాత్రం ఒక్కటే. కుర్చీలు వేస్తరు, పాసులిస్తరు. పాసు లేని ప్రజలు ప్రజాపాలన దినోత్సవాన్ని ఇంటికాడ టీవీలో చూస్తరు. జూన్ 2న పొద్దుగాల ముఖ్యమంత్రులు గన్‌పార్క్‌కు వచ్చి స్తూపానికి పూలు పెట్టి పోతరు. ఆ తెల్లారి ఎవలన్న నిరుద్యోగి అదే స్తూపం కాడ ప్లకార్డు పట్టుకుని కూసుంటే వ్యాన్ వస్తది. పూలు పట్టుకున్న చేతికి ఒక చట్టం, ప్లకార్డు పట్టుకున్న చేతికి ఇంకో చట్టం. 2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ ఒడ్డున సుమారు 177 కోట్లతో కొత్త అమరజ్యోతి తెరిచిండ్రు. మెరిసే స్టీలు కట్టడం. అమరుల తల్లులు ఆ కోట్లు అడగలేదు. గన్‌పార్క్ రాయి దగ్గర కూసుని ఏడ్వనియ్యమన్నరు.

భద్రత కోసం అంటరు. అసెంబ్లీ ఉన్న చోట ఎవలిని పడితే వాళ్లను రానిస్తమా అంటరు. లండన్‌లో హైడ్ పార్క్ రాజు తోటనే. 1866లో ఓటు హక్కు కావాలని కూలీలు, కార్మికులు ఊరేగింపుగా వస్తే సర్కారు పార్కు గేట్లు మూసింది. జనం ఇనుప కంచె పీకి లోపలికి పోయిండ్రు. ఆ తర్వాత 1872లో అక్కడి పార్లమెంటు పార్కుల చట్టం చేసింది, హైడ్ పార్క్‌లో ఒక మూలన ఎవలైనా నిలబడి మాట్లాడుకునే వీలు కలిగింది. మన మీద పెత్తనం చేసిన ఇంగ్లిషోళ్ల రాణి తన ఊళ్లో తన తోటలో జనాన్ని మాట్లాడనిచ్చింది. మన సర్కార్లు మనం చందాలు వేసి కట్టిన హాలు ముంగట మనల్ని నిలబడనియ్యవు. ఎమ్మెల్యేలకు ఎవలి నుంచి భద్రత? ఓటేసినోళ్ల నుంచా?

2016 అక్టోబర్ 11న వరంగల్ జిల్లాను ముక్కలు చేసి మాకు కొత్త జిల్లాలిచ్చిండ్రు. జిల్లా దగ్గరికొచ్చింది, కలెక్టర్ దగ్గరికొచ్చిండు. సోమవారం ప్రజావాణిలో కాగితం ఇస్తం. కలెక్టర్ సారు తీసుకుంటడు. ఇది మా చేతిలో లేదు, పైన తేలాలె అంటడు. ఆ పైన అనేది హైదరాబాద్‌లోనే ఉన్నది. బయ్యారం ఇనుప రాయి తీసి అక్కడనే ఉక్కు ఫ్యాక్టరీ పెడతమని విభజన చట్టం పేరు చెప్పి ఊరించిండ్రు, దాని జవాబు పైన ఉన్నది. భూపాలపల్లి బొగ్గు గుట్టలయ్యి రైలెక్కుతది, రైలెక్కేది బొగ్గే, మనుషులకు రైలు లేదు, దాని జవాబు పైన ఉన్నది. చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం రెండు దశల్లో 1,100 మెగావాట్లు. ఆ పొగ, ఆ బూడిద మా చేలకు. ఆ వెలుగుతో పట్నంలో పార్కుల కారంజీలు రంగులు మారుతయి. మాకు దానికి బాధ లేదు, వెలగనియ్యండి. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ కుంగింది మా జిల్లాలోనే. దాని మీద అసెంబ్లీలో గంటలకొద్దీ ఒకరినొకరు తిట్టుకున్నరు. కుంగిన బ్యారేజీ పక్కన ఉన్న ఊరోళ్లను పిలిచి ఒక్క మాట అడగలేదు.

దగ్గర దగ్గర రెండు వందల కిలోమీటర్లు. గోల్కొండ ఎక్కి, కృష్ణా ఎక్కి, బస్సు మారి వచ్చినోడు సికింద్రాబాద్‌లో దిగి అసెంబ్లీకి పోవాలంటే ఇప్పుడు మెట్రో కూడా ఉన్నది. అసెంబ్లీ అనే పేరుతోనే స్టేషన్ ఉన్నది. టికెట్ కొంటే ఆ స్టేషన్‌లో ఎవలైనా దిగవచ్చు. దిగి, రోడ్డు మీదికి రావడం వరకే హక్కు.

పాత టౌన్‌హాల్‌కు మరమ్మతులు చేసి శాసనమండలిని అందులోకి తేవాలని ఈ ప్రభుత్వం పని ఎత్తుకున్నది. గుమ్మటాలు బాగుచేయండి, సున్నం వేయండి, పాత కట్టడం నిలబెట్టండి. మేం వద్దనం. ఆ పనితో పాటే మేం అడిగేవి కొన్ని ఉన్నయి. నాలుగు కిలోమీటర్ల ఉత్తర్వు నుంచి బాగే ఆమ్‌ను, గన్‌పార్క్‌ను తీసెయ్యండి. సమావేశాలు నడిచే రోజుల్లో తోటలో ఒక చెట్ల నీడను జనానికి విడిచిపెట్టండి. అక్కడికి పూటకొక మంత్రి వచ్చి కాగితాలు తీసుకోవాలె, రసీదు ఇవ్వాలె. మైకు మాకు వద్దు, గొంతులున్నయి. సభ లేని రోజుల్లో టౌన్‌హాల్‌ను మా బడిపిల్లలకు తెరవండి. 1955లో ఎవలు ఏమన్నరో ఆ చర్చల కాగితాలు తెలుగులో, ఉర్దూలో అచ్చేసి అక్కడ పెట్టండి. అనుకూలమన్న 103 మంది పేర్లు, వద్దన్న 29 మంది పేర్లు రెండూ పెట్టండి, దాపరికం వద్దు. మ్యూజియంలో కడవెండి, పాలకుర్తి కథకు ఒక గది ఇవ్వండి. తోటలో ఇంకొక్క ఆఫీసు ఇటుక పడొద్దు. జూబ్లీహిల్స్ పార్కు బోర్డు మీద ఉన్న కాసు పేరు తీసి 1969 అమరుల పేరు పెట్టండి. తోట గేటు మీద బాగే ఆమ్ అని రాయండి, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి.

ఈ మాటలన్నీ కాగితం మీద రాసి మూడు జిల్లాల్లో సంతకాలు తీసుకుంటున్నం. జనగామ బస్టాండ్ కాడ, మానుకోట స్టేషన్ కాడ, భూపాలపల్లి గనుల గేట్ల కాడ మావోళ్లు కూసుంటరు. 2010 మే 28న మానుకోట స్టేషన్‌లో పట్టాల మీది కంకర చేతికి తీసుకున్నం. ఈసారి చేతిలో కాగితమే ఉంటది. వచ్చే సమావేశాల మొదటి రోజు పొద్దుగాల ఆ కాగితం తీసుకుని నాంపల్లి దిక్కు గేటు కాడికి వస్తం. తీసుకోవడానికి గేటు లోపల ఎవలుంటరో శాసనసభ సచివాలయం, ఉద్యానశాఖ, నగర పోలీసు ముగ్గురూ కలిసి ముందే తేల్చుకోండి.